డ్రైవరు ఎటువైపు కూర్చున్నాడు? పాత విదేశీ సినిమాల్లో బ్రిటిష్ బస్సులు

అందరికీ నమస్కారం.

ఈ రోజు నేను కథల గురించీ నటుల గురించీ మాట్లాడటం లేదు. హీరో వీధి దాటుతుంటే అతని వెనక నుంచి వెళ్ళిపోయే బస్సు గురించి మాట్లాడతాను. అది తెర మీద రెండు మూడు సెకన్లే ఉంటుంది. దర్శకుడు దాన్ని రమ్మని పిలవలేదు, అది ఆ పూట డ్యూటీలో ఉంది కాబట్టి వచ్చింది. అందుకే నాకు దాని మీద అంత నమ్మకం. సెట్ వేస్తారు, మనుషులకు మేకప్ వేస్తారు. రోడ్డు మీద పోయే సిటీ బస్సుకు మాత్రం ఎవరూ ఏ వేషమూ వేయరు.

నాకు ఈ పిచ్చి పట్టింది ఒక పోర్చుగీసు సినిమాతో. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న హాల్లో నలుపు తెలుపు ప్రింట్ వేశారు. లిస్బన్ వీధి. ఎత్తు దిగుతూ ఒక డబుల్ డెక్కర్ వచ్చింది. అచ్చం లండన్ బస్సులాగే ఉంది. ముందు సగంలో ఇంజన్, దాని పక్కన ఇరుకు గదిలో డ్రైవరు. కానీ ఆ గది ఎడమ పక్కన ఉంది! నా పక్కన కూర్చున్న మిత్రుడు, ‘నెగెటివ్ తిరగేసి ప్రింట్ కొట్టారు’ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అంతలో బస్సు వెనక ఒక దుకాణం బోర్డు కనిపించింది. దాని మీద అక్షరాలు తిన్నగానే ఉన్నాయి. అంటే బొమ్మ సరిగానే ఉంది. బస్సునే అద్దంలో చూసినట్టు తయారు చేశారన్నమాట.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆ రాత్రి ఇంటికెళ్ళి అడిగాను. ‘వాళ్ళు కుడి పక్కన నడుపుతారు కదరా, డ్రైవరు రోడ్డు మధ్య వైపు ఉండాలి, తలుపు ఫుట్‌పాత్ వైపు ఉండాలి. కొనేవాడికి తగ్గట్టు చేసి పంపుతారు’ అన్నారు. తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట నుంచే మొదలైంది.

లిస్బన్‌లో ట్రాములు నడిపే కారిస్ సంస్థ 1944లో బస్సు సర్వీసులు మొదలుపెట్టింది. ఆ బండ్లు ఏఈసీవి. ఏఈసీ అంటే లండన్ శివారు సౌతాల్‌లో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ. లండన్ నగరానికి బస్సులు చేసిందీ అదే. ఆ తర్వాత చాలా ఏళ్లు లిస్బన్‌లో సౌతాల్ బండ్లే తిరిగాయి. కాబట్టి యాభైలు, అరవైల నాటి లిస్బన్ సినిమాలో ఎడమ స్టీరింగ్ డబుల్ డెక్కర్ కనిపిస్తే ముందుగా ఏఈసీ పేరే అనుకోండి. తర్వాత రుజువులు వెతకండి.

ఇన్ని బ్రిటిష్ బస్సులు ప్రపంచమంతా ఎందుకు పోయాయి? రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ అప్పుల్లో ఉంది. విదేశీ మారకం కావాలి. ఉక్కుకు కొరత. ఎగుమతి చేసే ఫ్యాక్టరీకి ఉక్కు కేటాయింపులో ముందు చోటు దక్కేది. దాంతో సొంత ఊళ్ళో జనం పాత బస్సుల్లో వేలాడుతుంటే కొత్త బండ్లు ఓడలెక్కి పోయాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఒక్క క్రాస్లీ కంపెనీ దగ్గరే వెయ్యికి పైగా బస్సులు తీసుకుంది. బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో, హవానా, బాగ్దాద్, టెహ్రాన్, టెల్ అవీవ్, హాంకాంగ్... ఏ ఊరి పాత సినిమా తీసినా ఎక్కడో ఒకచోట ఇంగ్లండ్ బండి కనిపిస్తుంది.

ఇక గుర్తుపట్టడానికి వద్దాం. ముందు ఒక పొరపాటు దిద్దాలి. ఎర్ర డబుల్ డెక్కర్ కనిపించగానే ‘రూట్‌మాస్టర్’ అంటారు, అంటే లండన్‌లో బాగా పేరుపడ్డ ఆ డబుల్ డెక్కర్ మోడల్ అని. సినిమా వ్యాసాలు రాసేవాళ్ళు కూడా అంటారు. రూట్‌మాస్టర్లు మొత్తం 2,876 తయారయ్యాయి. దాదాపు అన్నీ లండన్ కోసమే, కొన్ని బ్రిటన్‌లోనే వేరేచోట్లకు. కొత్తవి విదేశాలకు అమ్మలేదు. పాతబడ్డాక కొన్ని బయటికి పోయాయి కానీ అది చాలా తర్వాతి మాట. కాబట్టి 1960ల నాటి బాగ్దాద్ వీధిలో కనిపించేది రూట్‌మాస్టర్ కాదు. ఈ ఒక్క పేరును పక్కన పెడితే సగం తప్పులు పోతాయి.

మొదట చూడాల్సింది బస్సును కాదు, రోడ్డును. బండ్లు ఎటు పక్క నడుస్తున్నాయి? తలుపు ఎటు ఉంది? ఇక్కడ తేదీలు చాలా ఉపయోగపడతాయి. అర్జెంటీనా, ఉరుగ్వే రెండూ 1945లో ఎడమ నుంచి కుడికి మారాయి. స్వీడన్ 1967 సెప్టెంబర్ 3న మారింది. బర్మా 1970లో, నైజీరియా 1972లో, ఘనా 1974లో. అంటే లేగోస్ నగరంలో తీసిన దృశ్యంలో బస్సు తలుపు ఎడమ పక్కన ఉండి, బండ్లు కూడా ఎడమ పక్కన పోతున్నాయంటే ఆ షూటింగ్ 1972 ఏప్రిల్ కంటే ముందుది. టైటిల్ కార్డు మీద ఏ సంవత్సరం ఉన్నా సరే.

ఇదే సూత్రంతో ఊరిని కూడా పట్టుకోవచ్చు. 1978లో వచ్చిన ఒక ప్రసిద్ధ సినిమాలో ఇస్తాంబుల్ జైలు కథ ఉంటుంది. అది తీసింది మాల్టాలోని సెయింట్ ఎల్మో కోటలో. టర్కీలో కుడి పక్క నడుపుతారు, మాల్టాలో ఎడమ పక్క. ‘ఇది ఇస్తాంబుల్’ అని తెర మీద పడి, వీధి చివర ఎడమ పక్క నుంచి ఒక బస్సు వచ్చి, ఎడమ తలుపు నుంచి జనం దిగితే అది మాల్టానో సైప్రసో అయి ఉండాలి. ఆ రెండూ ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న ద్వీపాలే.

మాల్టా బస్సుల దగ్గర ఇంకో పాఠం ఉంది. అక్కడి పాత బస్సుల కింది భాగం చాలావాటికి ఇంగ్లండ్‌ది. బెడ్‌ఫోర్డ్ లాంటి కంపెనీల ఛాసిస్. పై భాగం మాల్టా వడ్రంగులు, రేకు పనివాళ్ళు అక్కడే కట్టింది. ఒక బండికి ఇంకో బండికి పోలిక ఉండేది కాదు. మనకు ఇది కొత్త కాదు. మన ఆర్టీసీ బస్సు ఛాసిస్ అశోక్ లేలాండ్‌ది అయితే బాడీ మియాపూర్‌లో కట్టారు. బ్రిటన్‌లో కూడా అదే పద్ధతి. ఛాసిస్ లేలాండ్‌ది, ఏఈసీది, డైమ్లర్‌ది. బాడీ పార్క్ రాయల్, వేమన్, మెట్రో కామెల్, డ్యూపుల్ కంపెనీలది. హాంకాంగ్‌కు అయితే బాడీని విడి భాగాల కిట్లుగా పెట్టెల్లో పంపేవాళ్ళు, అక్కడ బిగించుకునేవాళ్ళు. అందువల్ల ‘ఇది ఏ బస్సు?’ అనే ప్రశ్నకు ఎప్పుడూ రెండు జవాబులుంటాయి. కిటికీల వంపు, పైకప్పు గుండ్రన చూసి మీరు చెప్పేది బాడీ పేరు. ఛాసిస్ పేరు కావాలంటే ముందు మొహం చూడాలి, చక్రాలు చూడాలి, ఇంజన్ ఎక్కడుందో చూడాలి. నేను మొదట్లో పదే పదే చేసిన తప్పు ఇదే. బాడీ చూసి ఛాసిస్ పేరు రాసేసేవాడిని.

మొహాల గురించి చెబుతాను. ఇంజన్ ముందున్న పాత బండ్లలో రేడియేటర్ బయటికే కనిపిస్తుంది. అదే బండికి ముక్కూ మొహమూ. డైమ్లర్ రేడియేటర్ పై అంచు మీద నిలువు గాడులు వరసగా ఉంటాయి, పిండివంటల అచ్చులాగా. మసక ప్రింట్‌లో కూడా ఆ గీతల మీద వెలుగు పడి తెలుస్తుంది. ఆల్బియన్ అయితే ఉదయిస్తున్న సూర్యుడి కిరణాలు. గై కంపెనీ బండి రేడియేటర్ మూత మీద ఈకల టోపీ పెట్టుకున్న అమెరికన్ ఆదివాసి తల బొమ్మ. చిన్నదే కానీ క్లోజప్ దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు. ఏఈసీది త్రికోణం. ఆ త్రికోణం లోపల అక్షరాలు చదవగలిగితే ఒక్కోసారి ఆశ్చర్యపోతారు. దక్షిణ అమెరికాలో ఏఈసీ తన బండ్లను ‘ఏసీఎల్ఓ’ అనే నాలుగక్షరాల పేరుతో అమ్మింది. బ్యూనస్ ఐరిస్ సినిమాలో ఆ పేరు చూసి ఏదో అర్జెంటీనా కంపెనీ అనుకునేవాళ్ళున్నారు. కాదు, అది సౌతాల్ బండే.

హాంకాంగ్ సినిమాలు ఈ మొహాలు నేర్చుకోవడానికి మంచి బడి. కౌలూన్ వైపు, అంటే ద్వీపానికి ఎదురుగా సముద్రానికి అవతలి ఒడ్డున, నడిపే కంపెనీ 1949 నుంచి డైమ్లర్ డబుల్ డెక్కర్లు తెచ్చింది, అరవైల్లో ఏఈసీలు కూడా. హాంకాంగ్ ద్వీపం మీద నడిపే కంపెనీ గై బండ్లను ఇష్టపడింది. నలుపు తెలుపు సినిమాలో రంగు తెలియదు కదా. రేడియేటర్ చూస్తే మాత్రం హీరోయిన్ సముద్రానికి ఇటుందా అటుందా తెలుస్తుంది. ఆ చిన్న విషయం తెలిశాక కథ కూడా వేరేగా అర్థమైన సందర్భాలున్నాయి నాకు. అమ్మాయి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున పనికి పోతోందని డైలాగు చెప్పలేదు, బస్సు చెప్పింది.

అసలు కష్టం 1950 తర్వాతి సింగిల్ డెక్కర్లతో. ఇంజన్‌ను నేల కిందికి, రెండు ఇరుసుల మధ్యకి పడుకోబెట్టి పంపారు. దాంతో మొహం పలకలా అయిపోయింది, రేడియేటర్ మాయం. లేలాండ్ రాయల్ టైగర్, ఒలింపిక్, 1954లో వచ్చిన వరల్డ్‌మాస్టర్, ఏఈసీ రీగల్ ఫోర్... అన్నీ అలాంటివే. అప్పుడు ఏం చేయాలి? బస్సు వెళ్ళిపోయేదాకా ఆగండి. వెనక భాగం చూడండి. వెనక జాలీ, గాలి పోయే కంతలు ఉంటే ఇంజన్ అక్కడుంది, అది అమెరికా జనరల్ మోటార్స్ బండి కావచ్చు. వెనక మూసేసి నున్నగా ఉండి, పక్కన చక్రాల మధ్య కింద తెరుచుకునే పలకలుంటే ఇంజన్ నేల కింద ఉంది. ఇంకో గుర్తు పొడవు. 1950 నుంచి 1961 వరకు బ్రిటన్‌లో సింగిల్ డెక్కర్ 30 అడుగులు దాటకూడదు. ఎగుమతి బండ్లకు ఆ కట్టుబాటు లేదు. కిటికీలు లెక్కపెట్టండి. ఇంగ్లండ్ ఫొటోల్లో చూసినదానికంటే ఒక కిటికీ ఎక్కువ వస్తే అది పరదేశానికి పుట్టిన బండి.

టెల్ అవీవ్, హైఫా వీధుల్లో అరవైల్లో తీసిన సినిమాల్లో కనిపించేవి ఎక్కువగా ఈ లేలాండ్‌లే. బాడీలు మాత్రం అక్కడి హార్గాజ్, మెర్కవీమ్ వాళ్ళవి. దాని గురించి ఇంతకంటే ఆగను, ఎందుకంటే హవానా గురించి చెప్పాలి.

క్యూబాలో బస్సును గ్వాగ్వా అంటారు. 1950 ప్రాంతంలో హవానాకు లేలాండ్ బస్సులు వందల సంఖ్యలో వచ్చాయి. తెల్లగా ఉండేవి. అందుకని జనం వాటికి ‘నర్సులు’ అని పేరు పెట్టారు. తర్వాత విప్లవం వచ్చింది. 1962లో అమెరికా పూర్తి స్థాయి వాణిజ్య నిషేధం పెట్టింది. హవానాలో ఉన్న అమెరికా బస్సులకు విడి భాగాలు ఆగిపోయాయి. మా నాన్న భాషలో చెప్పాలంటే, ఒక బండి పార్ట్ ఇంకో బండికి పీకి పెట్టుకోవాల్సిన దశ. అప్పుడు క్యూబా మళ్ళీ లేలాండ్ దగ్గరికే వెళ్ళింది. 1964 జనవరిలో 400 బస్సులకు ఒప్పందం ప్రకటించారు. అమెరికా గట్టిగా అభ్యంతరం చెప్పింది. బ్రిటన్ ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. బస్సులు యుద్ధ సామగ్రి కాదు అన్నది వాళ్ళ వాదన. లేలాండ్ తరఫున అమ్మకాలు నడిపిన డొనాల్డ్ స్టోక్స్ పేరు దానితో బాగా పైకి వచ్చింది.

1964 అక్టోబర్ 27న మాగ్డెబర్గ్ అనే తూర్పు జర్మనీ ఓడ 42 లేలాండ్ బస్సులతో హవానాకు బయల్దేరింది. ఇంకా థేమ్స్ నది కూడా దాటలేదు, పొగమంచులో యమాషిరో మారు అనే జపాన్ ఓడ దాన్ని ఢీకొట్టింది. మాగ్డెబర్గ్ పక్కకు ఒరిగిపోయింది, బస్సులు నీళ్ళ పాలయ్యాయి. దీని వెనక అమెరికా గూఢచారి సంస్థ హస్తం ఉందని తర్వాత పత్రికల్లో ఆరోపణలు వచ్చాయి. రుజువు కాలేదు. నాకు తెలిసినదల్లా ఒకటే. 1965 తర్వాత తీసిన హవానా సినిమాలో కొత్త లేలాండ్ వీధి మలుపు తిరిగితే నేను రీల్ ఆపి చూస్తాను. దాని అద్దాల వెనక కూర్చున్న మనుషులు పనికి పోతున్నారు. ఆ బస్సు అక్కడికి రావడానికి రెండు ప్రభుత్వాలు గొడవపడ్డాయి. దర్శకుడు దాన్ని ఫ్రేములో పెట్టాలని అనుకోలేదు. కానీ నిషేధం ఉన్న ఒక దేశం మామూలుగా ఎలా బతికిందో చెప్పడానికి అంతకంటే మంచి షాట్ నేను చూడలేదు.

తేదీ లెక్కలో ఒక జాగ్రత్త. బస్సు మీకు ‘ఇంతకంటే ముందు కాదు’ అని చెబుతుంది. ‘ఇంతకంటే తర్వాత కాదు’ అని ఎప్పుడూ చెప్పదు. బస్సులు మనుషులకంటే మొండివి. సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక, సంగతే చూడండి. 1958లో అక్కడ బస్సులను జాతీయం చేసి ట్రాన్స్‌పోర్ట్ బోర్డు పెట్టారు. లండన్‌లో పక్కన పెట్టేసిన ఆర్‌టీ రకం డబుల్ డెక్కర్లు వెయ్యికి పైగా కొన్నారు. ఆ బండి తయారై అప్పటికే ఏళ్లయింది. కొలంబో సినిమాలో అది కనిపించగానే తయారీ సంవత్సరం చూసి ‘ఇది 1950 నాటి సీన్’ అంటే తప్పు. ఆ బండి ఆ ఊరు ఎప్పుడు చేరిందో చూడాలి. స్పెయిన్‌లోనూ ఇంతే. లండన్ కరెంటు బస్సులు, అదే తీగల కింద నడిచే ట్రాలీ బస్సులు, క్యూ వన్ రకంవి 127 ఉంటే అందులో 125 స్పెయిన్ కొనుక్కుంది, 1961లో. ఎడమ పక్క తలుపు మూసి కుడి పక్క కొత్తగా కోశారు. ఒక స్పెయిన్ సినిమాలో రెండంతస్తుల ట్రాలీ బస్సు చూసి, దాని పక్క రేకు మీద పాత తలుపు ఆనవాలు వెతకడం ఎంత ఆనందమో మాటల్లో చెప్పలేను.

చివరిగా శబ్దం. నాకు ఇంజన్ శబ్దాలంటే ప్రాణం. గార్డ్‌నర్ ఐదు సిలిండర్ల ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బండి మొత్తాన్ని ఊపుతుంది, ఆ లయ వేరు. కానీ సినిమాలో శబ్దాన్ని నమ్మకండి. చాలా సినిమాల్లో అది తర్వాత స్టూడియోలో కలిపింది. డబ్బింగ్ సంగతి మనకు చెప్పాలా. శబ్దం బదులు కిటికీ అద్దాలు చూడండి. బస్సు ఆగి ఉండగా అద్దాలు, అద్దాల్లో ప్రతిబింబాలు వణుకుతుంటే ఆ వణుకు మాత్రం నిజం.

ప్రశ్నలుంటే అడగండి.

*‘మన హైదరాబాద్‌కు ఇలాంటి బండి ఏదైనా వచ్చిందా సార్?’ అని సభలో ఒకరు అడిగారు.*

వచ్చిందమ్మా. మంచి ప్రశ్న. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. అప్పటి ఆల్బియన్ బండి ఒకటి ఇప్పటికీ ఆర్టీసీ దగ్గర భద్రంగా ఉంది. స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరంలో తయారైంది. ఇందాక సూర్య కిరణాల గుర్తు చెప్పాను కదా, అదే కంపెనీ. మన ఆర్టీసీ నంబర్లలో జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టారని అంటారు, అది కూడా ఆ రోజుల నుంచే. తర్వాత 1951లో ఆల్బియన్‌ను లేలాండ్ కొనేసింది. 1955లో మద్రాసులో అశోక్ లేలాండ్ పేరు వచ్చింది. కాబట్టి మీరు చిన్నప్పుడు ఎక్కిన ఎర్ర బస్సుకు, హవానాలో ‘నర్సు’ అని పిలిచిన బస్సుకు చుట్టరికం ఉంది.

*‘సినిమా చూస్తూ ఇవన్నీ గమనిస్తే కథ మీద ధ్యాస పోదా?’*

మొదటిసారి కథ చూడండి. నేనూ అలాగే చూస్తాను. రెండోసారి వీధిని చూడండి. ఒక చిన్న సలహా ఉంది, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఫ్రేము సమయం, ఊరు, తలుపు ఎటు, ఇంజన్ ఎక్కడ, ఏదైనా అక్షరం కనిపించిందా. పేరు వెంటనే రాయకండి. నా పుస్తకంలో పదేళ్లుగా ‘పేరు తెలియదు’ అని ఉన్న బండ్లున్నాయి. పోయిన ఏడాది అందులో ఒకటి తెలిసింది. మాంటెవిడియోలో తీసిన వార్తా చిత్రంలో బండి అది. ఇంకో ప్రింట్ శుభ్రం చేసి చూపించినప్పుడు, మొహం మీద మచ్చ అనుకున్నది త్రికోణం అని తేలింది.

ఇప్పుడు లైట్లు ఆపమని చెబుతాను. మొదట చెప్పిన ఆ లిస్బన్ ముక్క నా దగ్గర ఉంది, నలభై సెకన్లు. బస్సు కుడి వైపు నుంచి వస్తుంది. ముందు దుకాణం బోర్డు చదవండి, తర్వాత డ్రైవరును వెతకండి.